ఫ్రిజ్‌కు ఆరాం

మొన్న హుమ్నాబాద్‌లో పెళ్ళికి అందరం బయలుదేరాం. తాళాలు, సంచులు, మంచినీళ్ళ సీసాలు అన్నీ చూసుకున్నాక మా కోడలు వంటింట్లోకి పోయి ఫ్రిజ్ స్విచ్చి మీద చెయ్యి పెట్టింది.

"ముట్టకు!" అని అరిచాను. అరిచానంటే మామూలుగా కాదు, బయట కారులో కూర్చున్న నా కొడుకు హారన్ ఆపి దిగొచ్చాడు.

కోడలు చెయ్యి వెనక్కి తీసుకుని గోడకు ఆనుకుంది. "ఏందత్తమ్మా, గట్ల మొత్తుకున్నరు? పాణం పోయినంత పనైంది. రెండొద్దులు ఎవ్వరం ఉండం గద, ఉత్తగ నడుసుడెందుకని..."

"లోపల పెరుగుంది. నిన్నటి పప్పుంది. బంద్ చేస్తే అన్నీ తీసి పారబోసి, తుడిచి, తలుపు తెరిచిపెట్టి అప్పుడు బంద్ చెయ్యి. తిండి లోపల పెట్టి మాత్రం చెయ్యకు."

నా కొడుకు నవ్వాడు. "అమ్మకు ఫ్రిజ్ అంటే భయం" అన్నాడు వాళ్ళావిడతో. భయం కాదు నాయనా, కోపం. ఆ కోపం ఎంత పాతదో నీకు తెలియదు, నేను ఎప్పుడూ చెప్పలేదు. చిరాగ్‌పల్లి దాటేదాకా నేను నోరు విప్పలేదు. వాళ్ళు అలిగాననుకున్నారు. నేను మా పాత ఇంట్లో ఉన్నాను, ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళదాన్ని.

మా నాయిన జహీరాబాద్‌లో అల్లం కమీషన్ మీద అమ్మిపెట్టేవాడు. ఝరాసంగం, మొగుడంపల్లి ఊళ్ళ నుంచి రైతులు బండ్ల మీద తెచ్చేవాళ్ళు. మండీలో పట్టని బస్తాలు మా ఇంటి ముందు అర్రలోకి వచ్చేవి. ఇల్లంతా పచ్చి అల్లం వాసన, తడి మన్ను వాసన. నా లంగాలకూ బడి పుస్తకాలకూ కూడా అదే వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల "మీ ఇంట్ల పొద్దుమాపు చాయేనా?" అని అడిగేది.

వంటిల్లు మాత్రం అమ్మది. అందులోకి అల్లం బస్తా రావడానికి వీల్లేదు. ఒక మూల ఇసుక పరిచి, దాని మీద పాల కుండ, పెరుగు కుండ పెట్టేది. ఎండాకాలం ఆ ఇసుకను పొద్దున, మధ్యాహ్నం తడిపేది. కుండ మెడకు తడిగుడ్డ చుట్టేది. ఆ మూలకు పోయి అరచేతులు ఇసుకలో దూర్చి కూర్చోవడం నాకు ఎండాకాలపు సుఖం. అమ్మ చూస్తే "లే అక్కడికెల్లి, కుండకు నీ వేడి తగుల్తది" అనేది. నా ఒంటి వేడికి పాలు విరుగుతాయని నేను చాలాకాలం నమ్మాను.

పాలు మూడు పూటలా పొంగు రావలసిందే. పొద్దటి కూర మిగిలితే మాపటికి మళ్ళీ పొయ్యెక్కి బుడబుడ మనాల్సిందే, వెచ్చబడితే చాలదు. అన్నం మిగిలితే నీళ్ళు పోసి సద్ది. పొద్దున ఆ సద్దిలో మజ్జిగ, ఉల్లిగడ్డ, పక్కన పండుమిరప తొక్కు. పప్పు మిగిలితే దాన్ని వెడల్పు తాంబాళంలో పోసి, ఆ తాంబాళాన్ని నీళ్ళున్న పళ్ళెంలో పెట్టి చల్లార్చేది. కుండలోనే వదిలేస్తే నడిమధ్యలో వేడి నిలిచిపోయి అక్కడే మురుగుతుందని ఆమె లెక్క. ఎవరు నేర్పారో తెలియదు, వాళ్ళమ్మే అయ్యుంటుంది.

మా నానమ్మ గడప మీద కూర్చుని ఇవన్నీ చూస్తూ ఒక మాట అనేది. "ఉంటె వేడిగుండాలె, లేకుంటె సల్లగుండాలె. నడిమిట్ల ఉన్నది కూరైనా మనిషైనా నమ్మద్దు."

నానమ్మకు కోడలి మీద ప్రేమ లేదు గానీ కోడలి వంట మీద ఉండేది. నానమ్మకే కాదు, వాడలో అందరికీ ఉండేది. ఎవరింట్లో పురుడైనా, ఒడిబియ్యమైనా, ముందు రోజే ఎవరో ఒకరు వచ్చి "ఖీరుకు నువ్వే రావాలె" అని అమ్మకు చెప్పిపోయేవాళ్ళు. ఆ ఖీరు అమ్మకు నేర్పింది పక్కింటి ఖాలా. సేమియాను నెయ్యిలో ఎర్రగా వేయించి, పాలను సగానికి మరిగించి, చారోళీ అనే సారపప్పు, ఖర్జూరం వేసి చేసేది. ఖాలా తనే నేర్పి, తనే రంజాన్‌కు అమ్మను పిలిపించుకుని "మేరే హాత్ కా నహీ, నీ చేతిదే మంచిగుంటది" అని సగం వాళ్ళ భాషలో సగం మా భాషలో అనేది. ఆ రోజు అమ్మ ఇంటికి వచ్చే నడకే వేరుగా ఉండేది. అమ్మకు చదువు లేదు, నగలు అంతంత మాత్రం, పుట్టింటి నుంచి పెద్దగా వచ్చే మనుషులు లేరు. ఆమెకున్నది ఆ చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యికున్న పేరే ఆమె ఆస్తి.

ఒక ఎండాకాలం మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది.

అల్లానికి ఆ ఏడు మంచి ధర పలికింది. నాయిన హైదరాబాద్ నుంచి లారీలో తెప్పించాడు. వాడలో అదే మొదటిది. వంటింట్లో పెడదామని అమ్మ అంటే నాయిన, "వంటింట్ల పెడితే ఎవలు చూస్తరు?" అన్నాడు. ముందరి అర్రలో, దేవుడి పటాల కింద, వచ్చినవాళ్ళకు ఎదురుగా పెట్టాడు. దానికి పసుపు, కుంకుమ, పూలదండ. అల్లం బస్తాలు వసారాలోకి పోయాయి. నానమ్మ దాని ముందు నిలబడి, తలుపు తీసి, చల్లగాలి మొహానికి తగలగానే "అయ్యో, దయ్యం ఊపిరి ఇడిసినట్టున్నది" అని తలుపు మూసేసింది. తర్వాత మధ్యాహ్నాలు ఎవరూ చూడకుండా తలుపు తీసుకుని నిలబడేది కూడా ఆమే.

నా వేడుక దాని లోపలి బుగ్గ, అదే బల్బు. తలుపు తీస్తే వెలుగుతుంది, మూస్తే ఆరుతుందా లేదా? సన్నగా సందు పెట్టి, ఒక కన్ను మూసి చూసేదాన్ని. నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా మూసేదాన్ని. ఎప్పుడూ తేలలేదు. నాయిన పట్టుకుంటే చెవి మెలిపెట్టి "సల్లదనమంత బయటికి పోతది బిడ్డా" అనేవాడు, కానీ నవ్వుతూ. నాయిన నన్ను కొట్టి ఎరుగడు. మండీ నుంచి వస్తూ నాకోసం ప్రత్యేకంగా చెరుకు ముక్కలు గీకి తెచ్చేవాడు. ఇంట్లో నాయిన మాట నాకు వేదం. సూర్యుడు పడమట పొడుస్తాడని చెప్పినా పొద్దున్నే లేచి అటు తిరిగి కూర్చునేదాన్ని.

ఆ నాయినకు ఒక నమ్మకం ఉండేది. యంత్రానికి కూడా ఆరాం కావాలి. లారీ ఇంజనును దాబా దగ్గర ఆపి చల్లబరచరా? ఎద్దుకు సాయంత్రం కాడి దింపరా? మరి ఇది పగలంతా గుర్రుమని పనిచేస్తే రాత్రి పడుకోవద్దా? అందుకని అన్నాలు తిన్నాక, మంచం వాల్చే ముందు, ఫ్రిజ్ నెత్తి మీద చెయ్యేసి "పండుకో రాజా" అని స్విచ్చి ఆపేవాడు. పొద్దున పాలవాడు వచ్చే వేళకు మళ్ళీ వేసేవాడు. ఆ రోజుల్లో ఆయనొక్కడే కాదు, మా వాడలో తర్వాత కొన్నవాళ్ళు కూడా అట్లాగే చేశారు. నాయినను చూసి నేర్చుకున్నారు.

అమ్మ ఒకసారి మెల్లగా అంది. "రాత్రి బంద్ చేస్తే లోపటియి ఆగమైతయేమో."

"ఎట్లయితయి? పొద్దంత సల్లదనం నింపిపెట్టినం. పెట్టె మూసే ఉన్నది. గరిసెల పోసిన జొన్నలు రాత్రికి రాత్రి ఎటన్న పోతయా?"

ఇంత సక్కటి తర్కానికి ఎదురు చెప్పే మనిషి మా ఇంట్లో లేదు. అమ్మ మాత్రం పాలను ఫ్రిజ్‌లో పెట్టేది కాదు. తన ఇసుక మూల తనదే. ఫ్రిజ్‌లో నీళ్ళ సీసాలు, మంచు గడ్డల ట్రే, రెండు నిమ్మకాయలు, నాయిన గొప్ప.

ఆ ఎండాకాలంలోనే మా మేనత్తను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పొయ్యాలని నిశ్చయమైంది. మేనత్త అంటే నాయిన ఒక్కగానొక్క చెల్లెలు, ఝరాసంగం అవతల ఒక ఊళ్ళో ఇచ్చారు. అత్తమ్మతోపాటు ఆమె అత్తామామలు, వాళ్ళ చుట్టాలు వస్తున్నారు. అత్తమ్మ అత్త అంటే మా ఇంట్లో అందరికీ హడల్. ఆమె కూర్చున్న చోట చాప బాగా లేకపోయినా ఏడాది గుర్తుపెట్టుకునే మనిషి.

నాయినకు ఒక ఆలోచన వచ్చింది. "ఖీరు ముందునాడే వండి ఫ్రిజ్‌ల పెట్టు. రేపు పగటియాల్ల, ఎండ మండేటప్పుడు, మంచు లెక్క సల్లటి ఖీరు పెడదాం. గసొంటిది వాళ్ళ తాతలు గూడ తినుండరు."

"ఖీరు వేడివేడిది తింటరు. సల్లగైతే నెయ్యి పేరుకుంటది" అంది అమ్మ.

"నీకు తెల్వది, ఊకో. హైదరాబాద్ల హోటళ్ళల్ల గిట్లనే పెడ్తరు."

సరేనని అమ్మ మాపటికి పెద్ద గంజు నిండా ఖీరు వండింది. పాలు మరుగుతుంటే ఆ వాసనకు పిల్లలం పొయ్యి చుట్టూ చేరాం. గరిటెకు అంటింది నా వంతు. దింపాక అమ్మ గంజును నీళ్ళ పళ్ళెంలో పెట్టి, గరిటెతో తిప్పుతూ చల్లార్చబోయింది. నాయిన ఆగలేదు. ఎవరో స్నేహితుడు వచ్చాడు, ఆయనకు చూపించాలి. వేడి గంజును గుడ్డతో పట్టుకుని తనే తీసుకుపోయి ఫ్రిజ్‌లో ఇరికించాడు. సీసాలన్నీ తీసి కింద పెట్టాడు. తలుపు మూస్తూ "చూడు రా భయ్, పొద్దుటికి కుల్ఫీ" అన్నాడు.

ఆ స్నేహితుడు పోయాక అమ్మ నాయిన దగ్గరికి వచ్చింది. "వేడిది పెట్టిన్రు, సరే. ఇయ్యాల ఒక్క రాత్రి మాత్రం బంద్ చెయ్యకుండ్రి. మొక్కుత. అది సల్లబడాలె, వాళ్ళందరు తినేది."

"సరేలే. చెయ్య" అన్నాడు నాయిన. నేను అక్కడే ఉన్నాను. విన్నాను.

అమ్మ వంటింట్లో నడుం వాల్చింది. నేను ఎప్పటిలాగే ముందరి అర్రలో నాయిన మంచం పక్కన చాప మీద. నాయిన లేచి ఫ్రిజ్ దగ్గరికి పోయి చెయ్యి వేశాడు. గుర్రుమనే శబ్దం ఆగింది.

"నాయినా, అమ్మ వద్దన్నది గద" అన్నాను.

"మాపటి సంది పెద్ద గంజు మోసింది, అలిసిపోయింది బిడ్డా. ఏం గాదు. పండు."

నేను పడుకున్నాను. నాకు అందులో తప్పేమీ కనపడలేదు. నాయిన చెప్పాడు కదా.

పొద్దున అందరికన్నా ముందు లేచి, అలవాటు ప్రకారం ఫ్రిజ్ తలుపు తీశాను. బుగ్గ వెలగలేదు. చల్లగాలి కూడా రాలేదు. లోపలి గాలి మా వసారాలో గాలిలాగే ఉంది, ఇంకా కొంచెం ఉమ్మగా. గంజు మీద మూతకు లోపల నీళ్ళు పట్టాయి. ట్రేలో మంచు గడ్డలు కరిగి నీళ్ళయిపోయాయి. "నాయినా, బుగ్గ వెలుగుత లేదు" అన్నాను. నాయిన లేచి వచ్చి చూశాడు. ఒక నిమిషం అట్లాగే గంజు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత స్విచ్చి వేశాడు. "పగటికల్ల సల్లగైతది తియ్" అన్నాడు. నాతో అన్నాడో, తనతో అన్నాడో.

నిజంగానే పగటికల్లా చల్లబడింది. అదే ఖర్మ. వేడిగా ఉంటే మూత తీయగానే అమ్మకు వాసన తెలిసేది, ఆమె ముక్కును మించిన ముక్కు లేదు. చల్లటి దానికి వాసన దాక్కుంటుంది. పైగా నాయిన ఎక్కడినుంచో తెచ్చిన గులాబీ నీళ్ళు చల్లాడు. అత్తమ్మకు ఒడి నింపారు, పసుపు కుంకుమలు అయ్యాయి, చుట్టాలు బంతిలో కూర్చున్నారు. గిన్నెల్లో చల్లటి ఖీరు రాగానే పెద్దవాళ్ళంతా పిల్లలైపోయారు. అత్తమ్మ అత్త కూడా రెండోసారి అడిగి వేయించుకుంది. నాయిన మొహం చూడాలి ఆ రోజు, ఆయనే వండినట్టు. నేనూ తిన్నాను, నానమ్మ తిన్నది, నాయిన తిన్నాడు. ఇంటి కోడలు కనుక అమ్మ అందరికన్నా చివర కూర్చుంది. అప్పటికి గంజు ఖాళీ. అడుగున గీకినా గరిటెడు రాలేదు. పచ్చిపులుసు, అన్నం తిని లేచింది.

సాయంత్రం దీపాలు పెట్టకముందే మొదలైంది. ముందు అత్తమ్మకు వాంతులు, తర్వాత వాళ్ళ మామకు, తర్వాత ఒకరి వెనక ఒకరు. పెరట్లోకి పోయే దారి తెగలేదు. నేను కడుపు పట్టుకుని అల్లం బస్తాల మధ్య పడి ఉన్నాను. ఖాలా పరుగున వచ్చి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగిస్తూ పోయింది. అమ్మ ఒకరి నుదురు పట్టుకుంటే ఇంకొకరు పిలిచేవాళ్ళు. అత్తమ్మ అత్తను ఆటోలో దవాఖానకు తీసుకుపోయి గ్లూకోజ్ ఎక్కించారు. ముసలామె, ఏమవుతుందోనని నానమ్మ దేవుడి పటాల ముందు కూర్చుని ఏడ్చింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, అంతవరకు అదృష్టం.

రెండో రోజుకు అందరూ లేచి కూర్చున్నారు. కూర్చున్నాక లెక్కలు మొదలయ్యాయి.

ముందరి అర్రలో అత్తమ్మ అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. నాయిన ఎదురుగా, నానమ్మ గడప మీద, అత్తమ్మ పక్కన. అమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి ఉంది, పైట కొంగు మాత్రమే కనిపిస్తున్నది. నేను నాయిన మోకాలికి ఆనుకుని ఉన్నాను.

"అందరికి అయ్యింది" అంది ఆ ముసలామె, ఒక్కొక్క మాటే. "పిల్లలకైంది, ముసలోళ్ళకైంది. వండినామెకు మాత్రం కాలే. ఎందుకు కాలే? ఆమె తినలే. ఎందుకు తినలే?"

మిగల్లేదు కనుక తినలేదు. ఆ ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ అది తెలుసు. వాళ్ళూ తమ ఇళ్ళల్లో చివరే తింటారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

"కరెంటు పోయిందేమో రాత్రి" అన్నాడు నాయిన.

"యాడ పోయింది? నా నెత్తి మీద పంకా తెల్లందాక తిరిగింది" అంది నానమ్మ, ఏమీ ఎరగకుండా.

నాయిన చెమట తుడుచుకున్నాడు. నేను ఆయన మొహంలోకే చూస్తున్నాను. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. నాయిన కదా, చెప్తాడు. ఆయన గొంతు సవరించుకుని అన్నాడు. "పాలు సక్కగ మరగలేదేమో. ఆమెకు జర తొందరెక్కువ."

తలుపు వెనక కొంగు కదిలింది.

"కాదు!" అని లేచాను. "అమ్మ మరుగవెట్టింది. సగమైందాక మరుగవెట్టింది, నేను చూసిన. నాయిననే రాత్రి బంద్ చేసిండు. అమ్మ వద్దన్నా చేసిండు. పొద్దున బుగ్గ వెలగలే. లోపట ఉమ్మగున్నది. మంచు గూడ కరిగింది."

నాయిన నా వైపు చూడలేదు. పటాల వైపు చూశాడు. ఆ మనిషి మోకాలికే ఇంతసేపూ ఆనుకుని ఉన్నానని నాకు గుర్తొచ్చి పక్కకు జరిగాను. అప్పుడు తలుపు వెనక నుంచి అమ్మ వచ్చింది. నన్ను ఎత్తుకుంటుందనుకున్నాను. నా చెంప పగిలేట్టు కొట్టింది.

"అబద్ధాలు ఎప్పటిసంది నేర్చినవే? ఎవ్వలు బంద్ చెయ్యలే. పాలు నేనే సక్కగ మరుగవెట్టలే. తప్పు నాది" అని, ఆ ముసలామె కాళ్ళ దగ్గర వంగింది.

"తల్లి చేయి గట్ల, బిడ్డ నోరు గిట్ల" అంది ఆమె. అత్తమ్మ, నన్ను ఎత్తుకు తిరిగిన మా అత్తమ్మ, తల వంచుకుని గోరు గిల్లుకుంటూ కూర్చుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక అమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి తడిగుడ్డ చెంపకు పెట్టింది. నేను గుడ్డ విసిరికొట్టాను. "నేను నిజం చెప్పిన. నీకు తెల్సు" అన్నాను.

"తెల్సు" అంది అమ్మ. "గట్టిగ అనకు. నా పేరు పోతే ఈ వంటింట్లనే ఉంటది బిడ్డా. మీ నాయిన పేరు పోతే మండీ దాక పోతది. చెల్లెలి అత్తగారి ముంగట మొగోడు తల దించితే ఆ చెల్లె మల్ల ఈ గడప తొక్కుతదా?"

"మరి నా పేరు?" అని అడగడం నాకు అప్పుడు చేతకాలేదు. అడగాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన గొప్ప, ఆమె మర్యాద, అత్తమ్మ కాపురం అన్నీ నిలబడ్డాయి. వాటన్నిటి కింద పడి నలిగింది నేను.

ఒక్క సంగతి చెప్పాలి. ఆ రోజు నుంచి నాయిన ఫ్రిజ్‌ను రాత్రిపూట ఆపలేదు. ఎందుకు ఆపడం లేదని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అది గుర్రుమంటుంటే నేను చాప మీద పడుకుని వినేదాన్ని. ఆయనకు తెలుసు. అందరికన్నా బాగా ఆయనకే తెలుసు. మర్నాడు చెరుకు ముక్కలు మామూలుకన్నా ఎక్కువే తెచ్చాడు. నేను తీసుకోలేదు. వాటి మీద ఈగలు ముసిరాయి, నానమ్మ ఆవుకు వేసింది.

తర్వాత వాడలో అమ్మను ఖీరుకు పిలవడం మానేశారు. మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. "ఎందుకు, నీకు కష్టం" అనేవాళ్ళు. ఫంక్షన్లలో అమ్మకు ఉల్లిగడ్డలు కోసే పని, గిన్నెలు లెక్కపెట్టే పని దొరికేవి. ఖాలా ఒక్కతి రంజాన్‌కు పిలవడానికి వచ్చింది. "నా కడుపు మంచిగనే అరిగించుకుంటది, రా" అని చెయ్యి పట్టుకుని లాగింది. అమ్మే పోలేదు. నా సంగతికొస్తే, ఇంట్లో గ్లాసు పగిలినా, పెన్సిల్ పోయినా, నేనేదైనా చెప్పబోతే మా చిన్నాయన పిల్లలు "బుగ్గ వెలగలే, బుగ్గ వెలగలే" అని పాడేవాళ్ళు. పెద్దవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. నాయిన కూడా నవ్వేవాడు.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. నానమ్మ పోయింది, మండీ మారింది. నాయిన ముసలివాడై, ఎవరు దొరికితే వాళ్ళకు పాత కథలు చెప్పే దశకు వచ్చాడు. ఒక ఎండాకాలం సెలవులకు నేను పిల్లలతో పోతే, వాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని ఒడిబియ్యం కథ మొదలుపెట్టాడు.

"మీ అమ్మమ్మ ఒక్కసారి ఖీరు వండింది రా, ఊరు ఊరంత మూడొద్దులు పెరట్లనే కాపురం!" పిల్లలు పడీ పడీ నవ్వారు. "పాలు మరగలే. చెప్తనే ఉన్న, జర ఆగవే, మరగనియ్యవే అని. ఇంటదా?"

నేను వంటింట్లోంచి వచ్చాను. ఈసారి నేను చిన్నపిల్లను కాదు, నా చెంప మీద కొట్టేవాళ్ళు లేరు. "నాయినా, ఫ్రిజ్ బంద్ చేసింది నువ్వు" అన్నాను.

నాయిన తలెత్తి నన్ను చూశాడు. దొరికిపోయిన మనిషి చూపు నాకు తెలుసు, ఆ రోజు చూశాను. ఇది ఆ చూపు కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనా? నేనెందుకు బంద్ చేస్త?" అని అమ్మ వైపు తిరిగాడు. "ఏమే, నేను బంద్ చేసిన్నా?"

"లేదు లేదు. దానికేం యాదికుంటది, గప్పుడు ఇంతంత పిల్ల" అంది అమ్మ.

అది ఆయన ముందు మర్యాద కోసం అన్న మాట అనుకున్నాను. వంటింట్లోకి వచ్చాక తలుపు దగ్గరికి వేసి అడిగాను. ఇద్దరమే ఉన్నాం. "అమ్మా, ఇప్పుడు చెప్పు. నాకన్నా చెప్పు. నువ్వు బంద్ చెయ్యద్దని మొక్కినవు. ఆయన చేసిండు. నన్ను కొట్టి, మల్ల నువ్వే తెల్సు అన్నవు."

అమ్మ చేతిలో పని ఆపి నా మొహంలోకి చూసింది. నేను ఎంతో వెతికాను ఆ కళ్ళల్లో, ఎక్కడన్నా దాచిపెట్టిందేమో అని. ఏమీ లేదు. ఇన్నేళ్ళూ అందరికీ చెప్పీ చెప్పీ, విన్నవాళ్ళందరూ అవునని తలూపీ తలూపీ, ఆమెకు అదే నిజమైపోయింది.

"నేనెప్పుడన్న బిడ్డా గట్ల?" అంది. "పాలు నేనే మరగనియ్యలే. నా చేయి మంచిది కాదు."